పదమూడో ఏడు నిండిందా, లేదా?

కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా?

నలుగురు కూర్చున్నచోట ఈ ప్రశ్న ఒక్కసారి వదిలి చూడండి. కాఫీలు చల్లారిపోతాయి. ఇడ్లీలో చట్నీ ఎండిపోతుంది. తాతయ్య ఒకవైపు, ఇంజినీరింగ్ చదివే మనవడు మరోవైపు. మధ్యలో అమ్మ ‘తిన్నాక కొట్టుకు చావండి’ అంటూనే వెళ్తూ వెళ్తూ ద్రౌపది తరఫున ఓ మాట విసిరి పోతుంది. 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైనప్పుడు జరిగింది ఇదే. నాగ్ అశ్విన్ తీసిన ఆ సినిమా చివర్లో ప్రభాస్ పోషించిన భైరవుడే కర్ణుడని తెలియగానే తెలుగునాట రెండు శిబిరాలు లేచాయి. అంతకుముందు 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఇదే జనం ‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు’ అని బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. దానికి రెండేళ్లలో జవాబు దొరికింది. కర్ణార్జునుల తగాదాకు మాత్రం దొరకలేదు, దొరికేట్టూ లేదు.

ఇంగ్లిష్ సీరియళ్లు చూసే కుర్రకారు దీన్ని ‘ఫ్యాన్ థియరీ’ అంటారు. అంటే కథలో రచయిత చెప్పీ చెప్పకుండా వదిలేసిన చోట పట్టుకుని, ఆధారాలు ఏరుకుని, ‘అసలు జరిగింది ఇదీ’ అని అభిమానులు తేల్చడం. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అభిమానులు జాన్ స్నో తల్లి ఎవరో ఇలాగే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ నవలల్ని సీరియల్‌గా తీస్తామని వచ్చిన నిర్మాతలిద్దరినీ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ అడిగిన పరీక్ష ప్రశ్న కూడా అదేనట. జవాబు చెప్పారు, హక్కులు పట్టుకెళ్లారు. బాగానే ఉంది. కానీ ఈ విద్య అమెరికా నుంచి వచ్చిందనుకుంటే పొరపాటే. అనంతపురం పీఠభూమి మీద ఇది ఎప్పటినుంచో ఉంది. పైగా ఇక్కడ పందెం మామూలుది కాదు. వాన!

హిందీ రాకున్నా...

1988 అక్టోబర్ 2న దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలైంది. 1990 జూన్ 24 దాకా 94 భాగాలు. అంతకుముందే రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి నుంచి 1988 జూలై వరకు దేశాన్ని ఆదివారం పొద్దున టీవీ ముందు కూర్చోబెట్టి అలవాటు చేసింది. ఆ అలవాటు ఎంతగా ముదిరిందంటే, యుద్ధంతో కథ ఆపేస్తామన్నందుకు పంజాబ్‌లో వాల్మీకి వర్గానికి చెందిన పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. తమ మూలపురుషుడైన వాల్మీకి కనిపించేది ఉత్తరకాండలోనే కదా, అది లేకుండా రామాయణమేమిటని వాళ్ల వాదన. చివరకు ఉత్తర రామాయణమూ తీయాల్సి వచ్చింది. ప్రేక్షకులు కథను సాగదీయించిన సంగతి మనకు కొత్త కాదన్నమాట.

రాయలసీమ పల్లెల్లో అప్పటికి ఊరికి ఒకటో రెండో టీవీలు. మాటలన్నీ హిందీ. అయినా ఎవరికీ అడ్డు రాలేదు. రాహీ మాసూమ్ రజా రాసిన సంభాషణల్లో పితామహ, ప్రతిజ్ఞ, ధర్మ, వచనం లాంటి మాటలు తెలుగు చెవికి తెలిసినవే. తెలియని చోట తెలిసినవాళ్లు ఉండనే ఉన్నారు. కథ ముందే తెలుసు కాబట్టి జనం చూసింది ‘ఏం జరుగుతుంది’ అని కాదు, ‘వీళ్లు సరిగ్గా చూపిస్తున్నారా లేదా’ అని. అక్కడ మొదలయ్యేది అసలు పంచాయితీ.

ఉదాహరణకు మయసభ. సీరియల్లో దుర్యోధనుడు నీళ్లలో పడితే ద్రౌపది నవ్వి, గుడ్డివాడి కొడుకూ గుడ్డివాడే అన్న అర్థంలో ఓ మాట అంటుంది. ఆ ఒక్కమాటతో కురుక్షేత్రం పాపమంతా ఆమె నెత్తిన పడింది. ఈ రోజుకీ ‘ఆమె నవ్వకుంటే యుద్ధమే లేదు’ అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మరి వ్యాసుడు ఏం రాశాడు? పడిపోయినప్పుడు నవ్వినవాళ్ల జాబితాలో భీముడున్నాడు, అర్జునుడున్నాడు, నకుల సహదేవులున్నారు, పరిచారకులున్నారు. ద్రౌపది లేదు. ఆ మాట అసలే లేదు. అయితే తిరిగి హస్తినకు వెళ్లి తండ్రి దగ్గర గోడు వెళ్లబోసుకునేటప్పుడు దుర్యోధనుడు ఆ జాబితాలో ఇద్దరిని కొత్తగా చేరుస్తాడు. కృష్ణుడు నవ్వాడంటాడు. ద్రౌపది, ఆడవాళ్లతో కలిసి నవ్విందంటాడు.

జరిగింది ఒకటి, తండ్రికి చెప్పింది ఇంకొకటి. అవమానపడ్డ మనిషికి నవ్వనివాళ్లు కూడా నవ్వినట్టే కనిపిస్తారు. ఇంత సన్నని సంగతి కథలో ఉండగా, దాన్ని తీసి ద్రౌపది నోట ఓ దురుసు మాట పెట్టడం టీవీకి సులువైంది. సినిమాలూ తక్కువ తినలేదు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూర కర్ణ’లో ఎన్టీఆర్ కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ తానే అయి, ఆ పరాభవాన్ని దుర్యోధనుడి వైపు నుంచి చెప్పారు. ఆ డైలాగులు బట్టీ పట్టిన తరానికి సుయోధనుడంటే ఇప్పటికీ ఓ మెత్తని మూల ఉంది. ఇక ‘మాయాబజార్’ శశిరేఖ సంగతి సరేసరి. వ్యాసభారతంలో ఆ అమ్మాయే లేదు. జనం కల్పించుకున్న పిల్ల. అయితేనేం, తెలుగువాళ్లకు ఉత్తర కంటే శశిరేఖే దగ్గరి చుట్టం.

వాన కోసం విరాటపర్వం

టీవీ రాకముందు ఈ పంచాయితీలన్నీ తెల్లటి తెర ముందు జరిగేవి. తోలుబొమ్మలాట.

మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, చిల్లులు పొడిచి, కీళ్ల దగ్గర అతికి చేసిన బొమ్మలు. కొన్ని మనిషంత ఎత్తుంటాయి. వెనక ఒకప్పుడు ఆముదం దీపాలు, తర్వాత కరెంటు బల్బులు. హార్మోనియం, మద్దెల, తాళాలు. యుద్ధం వచ్చిందంటే కాలికింద చెక్కలు దడదడలాడతాయి. రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లారేదాకా ఆట. నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు, అల్లాటప్పడు వచ్చి ఊళ్లో వాళ్ల మీద కూడా నాలుగు విసురులు విసిరి పోతారు. పిల్లలు మేలుకునేది వాళ్ల కోసమే. పెద్దలు మొహమాటంగా నవ్వేదీ అప్పుడే.

రాయలసీమలోనూ, పక్కనున్న కన్నడ సీమలోనూ వానలు మొహం చాటేస్తే ఊరు చందాలేసుకుని విరాటపర్వం ఆడించేది, లేదా చదివించేది. అనంతపురంలో దీనికి ఎంత అక్కర ఉందో వేరే చెప్పాలా? ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు ఇక్కడికొచ్చేసరికి అలిసిపోతాయి. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చెప్పుకుంటారు. ముంగారు వాన నమ్ముకుని శెనక్కాయ విత్తనం వేశాక మేఘం మొండికేస్తే రైతుకు మిగిలేది ఆకాశం వైపు చూడటం, ఆట ఆడించడం.

అంతా బాగానే ఉంది. భారతంలో పద్దెనిమిది పర్వాలుంటే వానకు విరాటపర్వమే ఎందుకు? ఇందులో సముద్రాలూ లేవు, వరుణదేవుడి కథా లేదు. పాండవులు మారువేషాల్లో వంటలు చేసుకుంటూ, గుర్రాలు తోముకుంటూ, పాటలు నేర్పుకుంటూ ఏడాది గడిపిన కథ. వానకీ దీనికీ లంకె ఏమిటి?

లంకె భీష్ముడి నోట ఉంది. అజ్ఞాతవాసం ముగిసే సమయానికి కౌరవుల వేగులవాళ్లు దేశమంతా గాలించి ఒట్టి చేతులతో వస్తారు. పాండవులు ఎక్కడున్నారో తెలియదు. అప్పుడు సభలో భీష్ముడు ఓ ఆనవాలు చెబుతాడు. ధర్మరాజు ఉన్నచోట మేఘాలు వేళకు కురుస్తాయి, పంటలు బాగా పండుతాయి, ఆవులు పాలు సమృద్ధిగా ఇస్తాయి, జనం కడుపులో చల్ల కదలకుండా ఉంటారు. అలాంటి దేశం ఎక్కడుందో చూసుకోండి అంటాడు. అంటే వాన ఆ కథలో ఒక సాక్ష్యం. ధర్మరాజు దాక్కున్నాడు సరే, మేఘాలు దాక్కోలేదు!

ఆ మాట విన్న ఊరికి మిగతాది ఊహించుకోవడం ఎంతసేపు? ధర్మరాజు ఉన్నచోట వాన పడుతుంది. తెర మీదికి ధర్మరాజును తెస్తే, ఒక్క రాత్రికైనా ఆయన మన ఊళ్లో ఉన్నట్టే. అయితే వాన పడాలి. ఇదీ అనంతపురం సిద్ధాంతం. నమ్మకం అనండి, మరేదైనా అనండి. దీని వెనక తర్కం మాత్రం పదునైందే. దీనికి ఇంకో కోణం కూడా ఉంది. ఆట ఆడించినా వాన పడలేదంటే తప్పు ఎవరిది? బొమ్మలది కాదు, ఆడించినవాళ్లదీ కాదు. ఊరిని ఏలేవాళ్లలో ధర్మం లేదన్నమాట. జుట్టుపోలిగాడికి అంతకన్నా మేత ఏం కావాలి?

ఐదు నెలల పన్నెండు రాత్రులు

ఇక అసలు తగాదా. ప్రపంచంలో ఏ కథకైనా ఇంతకంటే పాత అభిమానుల తగాదా ఉంటుందా అన్నది అనుమానమే. పైగా ఈ తగాదా కథ బయట మొదలవలేదు, కథలోని పాత్రలే మొదలెట్టాయి.

ఒప్పందం గుర్తుంది కదా. పన్నెండేళ్లు అరణ్యవాసం, పదమూడో ఏడు అజ్ఞాతవాసం. ఆ ఏడాదిలో దొరికిపోతే మళ్లీ పన్నెండేళ్లు అడవికి. కౌరవసేన విరాటుడి ఆవుల్ని తోలుకుపోతుంటే, ఉత్తరకుమారుడి రథం మీద అర్జునుడు ఒక్కడూ ఎదురొస్తాడు. అల్లెతాడు మోగగానే ద్రోణుడు శిష్యుణ్ని గుర్తుపడతాడు. దుర్యోధనుడికి భయానికి బదులు సంతోషం కలుగుతుంది. దొరికాడు! గడువు తీరకుండానే బయటపడ్డాడు! ఇక మళ్లీ అడవే! అయితే అతనికీ లోపల అనుమానమే. గడువుకు తక్కువైందో, ఎక్కువైందో, అది తాతగారే లెక్క చెప్పాలంటాడు.

బాణాలు ఎక్కుపెట్టి ఎదురెదురుగా నిలబడ్డ సైన్యాల మధ్య భీష్ముడు పంచాంగం విప్పుతాడు. ప్రతి అయిదేళ్లకు రెండు అధికమాసాలు వస్తాయి. ఆ లెక్కన పదమూడేళ్ల గడువు దాటి ఐదు నెలల పన్నెండు రాత్రులు అదనంగా గడిచాయి. అర్జునుడు అది తెలుసుకునే వచ్చాడు. ఇదీ తీర్పు.

అనంతపురం రైతుకు ఈ గొడవ వెంటనే తలకెక్కుతుంది. ఎందుకంటే అతని ఇంట్లో రెండు క్యాలెండర్లు నడుస్తాయి. ఉగాది, వినాయక చవితి, వరలక్ష్మీ వ్రతం చంద్రుడి లెక్క. విత్తనం మాత్రం కార్తెల లెక్క. రోహిణి, మృగశిర, ఆరుద్ర. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. అందుకే మృగశిర ఏటా జూన్ మొదటివారం దాటాక వస్తుంది, అటూఇటూ కదలదు. చంద్రుడి ఏడాది 354 రోజులు, సూర్యుడిది 365. ఈ పదకొండు రోజుల తేడా పేరుకుపోకుండా మధ్య మధ్య అధికమాసం వేసి సర్దుతారు. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం వచ్చింది. వ్రతం ఏ శ్రావణంలో చేసుకోవాలని ఆడవాళ్లు అయ్యవార్లను అడిగారు. కార్తె గురించి అడగాల్సిన అవసరం రైతుకు రాలేదు. పండగలు వెనక్కి జరిగాయి, కార్తెలు జరగలేదు.

ఇప్పుడు చూడండి. పన్నెండు చాంద్రమాసాలు ఒక ఏడాది అనుకుంటూ పోతే పాండవుల గడువు ఎప్పుడో తీరింది. అధికమాసాల్ని ఏడాదిలో కలుపుకుంటూ, సూర్యుణ్ని పట్టుకుని లెక్కిస్తే ఇంకా మిగిలి ఉంది. భీష్ముడు మొదటిది పట్టుకున్నాడు. దుర్యోధనుడు మనసులో రెండోది పెట్టుకున్నాడు. ఇద్దరి లెక్కా లెక్కే. ఒప్పందం రాసుకున్న రోజు ఏ ఏడాదో తేల్చుకోకపోవడమే తప్పు. ఉద్యోగపర్వంలో పాండవుల రాయబారిగా ద్రుపదుడి పురోహితుడు వచ్చినప్పుడు కర్ణుడు ఈ మొక్కనే మళ్లీ పట్టి లాగుతాడు. ఒప్పందం సరిగ్గా నిలబెట్టుకోకుండా రాజ్యం అడుగుతున్నారు, చెప్పిన గడువు అడవిలో ఉండిరమ్మనండి అంటాడు. పద్దెనిమిది అక్షౌహిణులు కూలిన యుద్ధానికి ముందు ఇంత క్యాలెండర్ పేచీ ఉంది. ద్రౌపది నవ్వు మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు దీని మీద పెడితే బాగుండేది!

లెక్కల మాస్టార్లకు ఇంకో చిక్కుముడి. అయిదేళ్లకు రెండు నెలలైతే పదేళ్లకు నాలుగు. మిగిలిన మూడేళ్లకు ఒక నెలా ఆరు రోజులు. మొత్తం ఐదు నెలల ఆరు రోజులు. మరి భీష్ముడు పన్నెండు రాత్రులంటాడే? ఆ మిగతా ఆరు రాత్రులు ఎక్కడివి? పండితులు దీనికి రకరకాల సర్దుబాట్లు చెప్పారు. ఆదివారం తీరిక ఉన్నవాళ్లు పెన్నూ కాగితం తీసుకోవచ్చు.

కవచం ఉండింటే...

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. కర్ణుడా, అర్జునుడా?

విరాటపర్వం చూసి పెరిగిన ఊళ్లలో అర్జునుడి పక్షానికి ఆధారం చేతిలోనే ఉంటుంది. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఒక్కడు. సాయంగా ఉన్నది భయంతో పారిపోబోయి పట్టుబడ్డ ఉత్తరకుమారుడు. అవతల భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, అశ్వత్థామ, కర్ణుడు అందరూ. అందరినీ ఓడించాడు. కృష్ణుడు కూడా పక్కన లేడు. ఇంకేం కావాలి?

అవతలివాళ్లు ఊరుకుంటారా? “ఏమప్పా, అప్పటికే ఇంద్రుడు వచ్చి కవచకుండలాలు అడుక్కోని పోయినాడు గదా! అవి ఉండింటే తెలుస్తాండె.” నిజమే, అరణ్యపర్వం చివర్లోనే అది జరిగిపోయింది. దానికి అర్జునపక్షం జవాబు ఘోషయాత్ర. పాండవుల్ని వెక్కిరించడానికి అడవికి వెళ్లి దుర్యోధనుడు గంధర్వులకు చిక్కినప్పుడు, కర్ణుడు రథం పోగొట్టుకుని వికర్ణుడి రథమెక్కి తప్పుకున్నాడు. అప్పుడు కవచం ఒంటిమీదే ఉంది! విడిపించింది ఎవరయ్యా అంటే పాండవులే. ఇక కర్ణపక్షానికి మిగిలేవి పరశురాముడి శాపం, కుంగిన చక్రం, నోరు మూసుకోని సారథి శల్యుడు, పుట్టగానే ఏట్లో వదిలేసిన తల్లి. ఇవి యుద్ధవిద్యకు సంబంధించిన ఆధారాలు కావు. కానీ వాదనలో గెలిచేవి చాలాసార్లు ఇవే. నిజానికి ఈ తగువు విలువిద్య గురించి కాదు. పుట్టుక అడ్డుపడి చోటు దక్కనివాడికి న్యాయం జరిగిందా అని. కరవు నేల మీద కర్ణుడికి జనం ఎక్కువ ఉండటంలో ఆశ్చర్యమేముంది?

నా బాణమే తగిలింది!

తగవులంటే మక్కువ ఉన్నవాళ్లు లేపాక్షి వెళ్లాలి. హిందూపురం దగ్గర, 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. పదహారో శతాబ్దంలో విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం. ముఖమండపం కప్పు మీద బొమ్మల్లో కిరాతార్జునీయం ఉంది. పంది రూపంలో వచ్చిన మూకాసురుడి మీద అర్జునుడూ, బోయవేషంలో ఉన్న శివుడూ ఒకేసారి బాణం వేశారు. పంది చచ్చింది. ‘నా బాణమే తగిలింది’ అని ఒకరు, ‘కాదు నాదే’ అని ఒకరు. మెడనొప్పి పుట్టేదాకా తల ఎత్తి చూడాల్సిన బొమ్మ అది. దేవుడూ మనిషీ కూడా ఈ రకం పేచీకి అతీతులు కారని మన చిత్రకారులకు తెలుసు.

ఆ ఊరి పేరు మీదే ఒక తగవు. రావణుడు రెక్కలు నరికితే జటాయువు ఇక్కడే పడిందని, రాముడు ‘లే పక్షీ’ అన్నాడని ఒక కథ. రాజు శిక్షకు ముందే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని, అందుకే లేప-అక్షి అయిందని ఇంకో కథ. గోడ మీద ఆ ఎర్రటి మరకల్ని చూపిస్తారు కూడా. జటాయువు పడ్డచోటు తమదేనంటూ కేరళలోని చడయమంగళంలో కొండమీద పెద్ద పక్షి విగ్రహమే కట్టారు. భద్రాచలం దగ్గరి ఏటపాక వాళ్లు తమదంటారు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లావాళ్లూ ఒక చోటు చూపిస్తారు. ఒక్క పక్షి ఇన్నిచోట్ల ఎలా పడిందని అడగకండి. ప్రతి ఊరికీ దాని చివరి మాట వినాలని ఉంది, అంతే.

సగంలో ఆగిన కథ

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ పాఠకులకు పెద్ద బెంగ ఒకటుంది. మార్టిన్ అయిదో నవల 2011లో వచ్చింది. ఆరోదాని కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూపే. ఈలోగా సీరియల్ నవలల్ని దాటేసి 2019 మేలో తన ముగింపు తాను చెప్పుకుంది. అది నచ్చక చివరి సీజన్ మళ్లీ తీయమని పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు.

తెలుగువాళ్లకు ఇది నవ్వు తెప్పించాలి. పదకొండో శతాబ్దంలో నన్నయ మొదలుపెట్టిన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తర్వాతి కవి వచ్చేసరికి రెండు వందల ఏళ్లు! పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి, ఆగినచోట అందుకోకుండా ఏకంగా విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. అరణ్యపర్వం జోలికి వెళ్తే కీడని భయపడ్డాడంటూ జనం ఓ సిద్ధాంతం అల్లారు. నూరేళ్ల తర్వాత ఎర్రన ఆ ఖాళీ పూరించాడు. అదీ తన పేరున కాదు, నన్నయే రాసినట్టు రాజరాజ నరేంద్రుడికి అంకితమిస్తూ. ఇంత మర్యాదగల అభిమాని ఇంకే సీరియల్‌కు దొరుకుతాడు? భారత పఠనం విరాటపర్వంతోనే మొదలుపెట్టాలన్న ఆనవాయితీ కూడా మనవాళ్లకు ఉంది.

నిమ్మలకుంట

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. వాళ్ల పూర్వీకులు మరాఠా సీమ నుంచి వచ్చారు. ఇంట్లో ఇప్పటికీ మరాఠీ యాస మాట, తెర వెనక మాత్రం తేటతెలుగు. రంగనాథ రామాయణం ద్విపదలు, తిక్కన భారతం పద్యాలు పుస్తకం చూడకుండా చెప్పిన ఇళ్లవి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. 2024 జనవరి 16న ప్రధాని నరేంద్ర మోదీ లేపాక్షి వచ్చినప్పుడు రంగనాథ రామాయణ పద్యాలు విని, తోలుబొమ్మలాటలో జటాయువు కథ చూశారు.

గౌరవాలకు లోటు లేదు. లోటల్లా రాత్రికి. టీవీ, వీడియో, తర్వాత సెల్‌ఫోను ఊళ్లకు వచ్చాక రాత్రంతా కూర్చునే జనం తగ్గారు. కుటుంబాలు అదే తోలు మీద అదే చేత్తో దీపాల తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేసి ప్రదర్శనల్లో అమ్ముతున్నాయి. రాముడు బల్బు చుట్టూ తిరుగుతున్నాడు. చేతి పని బతికింది, కూడూ పెడుతోంది, సంతోషమే. కానీ బొమ్మ చేయడం వేరు, ఆడించడం వేరు. పద్యం నోటికి రావడానికి, ఏ ఊళ్లో ఏ విసురు పేలుతుందో తెలియడానికి రాత్రుళ్లు కావాలి. ఆట ఇప్పుడు ఎక్కువగా వేదికల మీద, ఉత్సవాల్లో. గంటలోపు ముగించాలి. గంటలో విరాటపర్వం అంటే ఏం మిగులుతుంది? కీచకుడు చావాలి, జనం చప్పట్లు కొట్టాలి. గోగ్రహణం కొంచెం. భీష్ముడు అధికమాసాలు లెక్కపెట్టడానికి తీరికెక్కడ?

2020 మార్చి చివర, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ పాత ‘రామాయణ్’, ‘మహాభారత్’ మళ్లీ వేసింది. ఏప్రిల్ 16న ఒక్కరోజు రామాయణాన్ని 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ముప్పై ఏళ్లు దాటినా జనానికి కథ మీద విసుగు రాలేదు. ఇళ్లలో బందీలైన మనవలూ జేజిలూ ఒకే సోఫాలో కూర్చుని మళ్లీ మొదలెట్టారు. “జేజీ, అర్జునుడు అప్పుడే బయటికొస్తే దొరికిపోయినట్టే కదా?” “లేదురా నాయనా, ఏడు నిండినాకే వచ్చినాడు.” “ఎవరు లెక్కేసినారు?”

గోగ్రహణానికి బయల్దేరేటప్పుడు విరాటుడి కూతురు ఉత్తర, బృహన్నలను ఓ కోరిక కోరుతుంది. గెలిచి వచ్చేటప్పుడు కౌరవుల రంగురంగుల బట్టలు తెచ్చిపెట్టమని. ఎందుకంటే, తన బొమ్మలకు కట్టడానికి. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేశాక ఉత్తరకుమారుడు రథం దిగి వెళ్లి ఆ బట్టలు తెస్తాడు. నిమ్మలకుంట బొమ్మల ఒంటి మీది ఎరుపు, ఆకుపచ్చ, నలుపు చూసినవాళ్లెవరైనా, ఆ బట్టలు చివరికి ఏ బొమ్మలకు చేరాయో తమకు తెలుసని అనుకోవచ్చు. అదీ ఒక థియరీయే.